కాశీయాత్రకు ట్రావెల్ ఏజెంటు అవసరమా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. వచ్చే కార్తికమాసంలో కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య చూసి రావాలనుకుంటున్నాము. బయలుదేరేది ఆరుగురం: 78 ఏళ్ళ మా అత్తగారు, 63 ఏళ్ళ మావారు, 57 ఏళ్ళ నేను, 60 ఏళ్ళ మా మరిది, 54 ఏళ్ళ తోటికోడలు, 58 ఏళ్ళ ఆడపడుచు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. మామగారికి గయలో పిండప్రదానం జరిపించాలన్నది ఆవిడ చాలాకాలపు కోరిక. నెల్లూరులో ఒక ట్రావెల్ ఏజెంటు రైలు చార్జీలతో సహా తొమ్మిది రోజుల యాత్రకు మనిషికి 34 వేల రూపాయలు అడుగుతున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి మాత్రం, అన్నీ ఫోనులోనే బుక్ చేసుకోవచ్చు, ఏజెంటుకు ఇచ్చే డబ్బు దండగ అంటున్నాడు. మా వీధిలోని వారొకరు ఇలాగే ఎవరికో అడ్వాన్సు కట్టి మోసపోయారు కూడా. మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, నమస్కారం. మీ ఉత్తరంలో మీ అత్తగారి వయసు, ఆవిడ మోకాళ్ళు, గయలో జరగవలసిన కార్యం, ఈ మూడింటినీ చూసిన తరువాత నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఈ యాత్రకు ఏజెంటును కుదుర్చుకోండి. అయితే మొత్తం యాత్రను ఆయన చేతిలో పెట్టనక్కరలేదు. రైలు టికెట్ల పని మీ అబ్బాయికి అప్పగించి, కాశీలో దిగిన క్షణం నుంచి తిరుగు రైలు ఎక్కేదాకా కావలసిన గదులు, వాహనం, పురోహితుల ఏర్పాట్లు ఏజెంటుకు ఇవ్వండి. ఈ వృత్తిలో దీనిని ల్యాండ్ ప్యాకేజీ అంటారు. రైలు లేకుండా ఇది మాత్రమే కావాలని అడిగితే పేరున్న ఏజెంట్లు ఎవరూ కాదనరు.

ముందుగా మీ అబ్బాయి మాటలో ఉన్న న్యాయాన్ని ఒప్పుకోవాలి. మన జిల్లా నుంచి శ్రీశైలానికో, పెంచలకోనకో, చెన్నైకో వెళ్ళి రావటానికి ఏజెంటు ఎందుకు? దారి తెలుసు, భాష తెలుసు, ఒకవేళ గది దొరకకపోతే రాత్రికి రాత్రే ఇంటికి తిరిగి రావచ్చు. తిరుమల దర్శనం విషయంలోనైతే ఏజెంటు జోలికి అసలు పోకూడదు. దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను తన సొంత వెబ్‌సైటులోనే ఇస్తుంది. అంతకు పది రెట్లు తీసుకుని నేను ఇప్పిస్తానని ముందుకు వచ్చేవాడు దళారి. పది నిమిషాలు ఓపికగా ఫోనులో చూసుకుంటే అయిపోయే పనికి మరొకరికి రుసుము చెల్లించటం దండగే. మీ అబ్బాయి ఆ లెక్కలో మాట్లాడుతున్నాడు, ఆ లెక్కలో అతను చెప్పినది సరైనదే.

అయితే మీరు తలపెట్టిన యాత్ర ఆ కోవలోకి రాదు. ఇందులో నాలుగు క్షేత్రాలు ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కున ఉంది. కాశీ నుంచి ప్రయాగ సుమారు 120 కిలోమీటర్లు, అయోధ్య 200 కిలోమీటర్ల పైచిలుకు, గయ దాదాపు 250 కిలోమీటర్లు. పైగా గయ బీహారులో ఉంది, తక్కిన మూడూ ఉత్తరప్రదేశ్‌లో ఉన్నాయి. ఏ వరుసలో తిరిగితే వెళ్ళిన దారినే రెండుసార్లు వెళ్ళనక్కరలేదో, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటే మర్నాటి కార్యం వేళకు అందుతుందో తేల్చుకోవటమే ఈ యాత్రలో సగం పని. ఫోనులో ప్రతి గదీ విడిగా దొరుకుతుంది, ప్రతి టికెట్టూ విడిగా దొరుకుతుంది. వాటిని ఒకదానితో ఒకటి సరిగ్గా ముడివేయటానికి ఆ దారిలో మనుషులను పలుమార్లు పంపిన అనుభవం కావాలి.

రైలు సంగతే చూడండి. చెన్నై నుంచి విజయవాడ మీదుగా వెళ్ళే గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ మిమ్మల్ని నేరుగా కాశీలో దింపుతుంది, కానీ అది వారానికి రెండు రోజులే నడుస్తుంది. రోజూ నడిచే సంఘమిత్ర కాశీ ఊరిలోకి పోదు, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ మీదుగా దానాపూర్ వెళ్ళిపోతుంది. మన పెద్దవాళ్ళు మొగల్‌సరాయ్ అని పిలిచే స్టేషను అదే. 2018లో పేరు మారింది. అక్కడి నుంచి కాశీకి ఇంకా 15 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ప్రయాగలోనూ ఇలాంటి చిక్కే ఉంది. దక్షిణాది నుంచి వెళ్ళే రైళ్ళు కొన్ని ఊరి మధ్యనున్న ప్రయాగ్‌రాజ్ జంక్షన్‌లో ఆగవు, యమునకు ఆవలి గట్టున ఉన్న ఛివ్‌కీ స్టేషనులో ఆగుతాయి. టికెట్టు మీద రెండింటికీ ప్రయాగ్‌రాజ్ అనే పేరు కనిపిస్తుంది. కాళ్ళు బాగున్న కుర్రవాడికి ఇవేమీ లెక్కలోవి కావు. 78 ఏళ్ళ మనిషిని, ఆరుగురి సామానుతో, వేళకాని వేళ తెలియని స్టేషనులో దింపినప్పుడు మాత్రం బయట బండి ఎదురుచూస్తూ ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది.

ఇక కార్యాల విషయం. ఏజెంట్లలో మంచివారిని, మామూలువారిని వేరు చేసేది ఇదే అని నా నమ్మకం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ప్రయాగే ముండం, కాశీ దండం, గయ పిండం అని మన పెద్దలు చెప్పే వరుసలో ఒక్కొక్క చోటికి ఒక్కొక్క విధి ఉంది, ఒక్కొక్క విధికీ కొంత కాలం పడుతుంది. త్రివేణీ సంగమంలో దంపతులు వేణీదానం, అంటే భార్య జడ కొనను భర్త కత్తిరించి నదికి సమర్పించే విధి, చేయాలంటే సంకల్పం, పడవ ప్రయాణం, స్నానం అన్నీ కలిపి పూట గడుస్తుంది. మీరు రెండు జంటలు వెళుతున్నారు కనుక ఆ పూటను పూర్తిగా దానికే ఉంచుకోవాలి. గయలో పిండప్రదానం ఫల్గు నది ఒడ్డున, విష్ణుపాద ఆలయంలో, అక్షయవటం దగ్గర మూడు చోట్ల జరుగుతుంది. ఉదయం మొదలుపెడితే పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది, చేసే కొడుకులు అప్పటిదాకా భోజనం చేయరు. మీకు ఇచ్చిన కార్యక్రమం కాగితంలో గయకు మధ్యాహ్నం మూడింటికి చేరి సాయంత్రం ఆరింటికి బయలుదేరుతారని రాసి ఉంటే, ఆ కాగితం రాసిన వ్యక్తికి గయ సంగతి తెలియదని మీరు నిర్ణయించుకోవచ్చు. అదే మనిషి ముందు రోజు రాత్రికే గయలో బస పెట్టి, తెలుగు తెలిసిన పురోహితుడిని ముందుగా మాట్లాడి, కార్యం ముగిశాక మన వంట దొరికేలా చూసి, మర్నాడు బుద్ధగయ చూపించి తీసుకువస్తానంటే, ఆయన అడిగే రుసుముకు అర్థం ఉంది.

కార్తికాన్ని ఎంచుకోవటం కూడా ఆలోచించి చేసిన పనే. భాద్రపద బహుళ పక్షంలో, అంటే మహాలయ పక్షంలో, పితృకార్యాల కోసం దేశమంతా గయకు తరలివస్తుంది, ఆ రోజుల్లో అక్కడ మంచి గది దొరకటం కష్టం. కార్తికంలో ఆ ఒత్తిడి ఉండదు. కాని కార్తికానికీ తనవైన రద్దీ రోజులు ఉన్నాయి. పౌర్ణమి నాడు కాశీలో ఘాట్లన్నీ దీపాలతో నింపే దేవ దీపావళి జరుగుతుంది, ఆ రెండు మూడు రోజులూ గది అద్దెలు, పడవ కిరాయిలు విపరీతంగా పెరుగుతాయి. శుద్ధ నవమి నాడు అయోధ్యలో 14 క్రోసుల పరిక్రమకు లక్షల మంది వస్తారు, వాహనాలను ఊరి బయటే ఆపేస్తారు. ఈ తేదీలను తప్పించి మీ తొమ్మిది రోజులను అమర్చటం ఏజెంటు మొదట చేయవలసిన పని. ఆయన పంచాంగం ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారో లేదో మీరు గమనించండి.

అత్తగారి మోకాళ్ళ విషయానికి వస్తాను. కాశీలో ఘాట్‌కు దగ్గర, గంగ కనిపించే గది అని ఫోనులో చూపించే బసలు చాలావరకు సన్నని సందుల్లో ఉంటాయి. గోదౌలియా కూడలి దాటిన తరువాత కారు లోపలికి పోదు, అక్కడి నుంచి రిక్షా మీదో, కాలినడకనో పోవాలి. ఘాట్‌లకు దిగే మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ పాత ఇళ్ళను హోటళ్ళుగా మార్చినప్పుడు చాలాచోట్ల లిఫ్టు పెట్టలేదు. ఫొటోలో గంగ అందంగా కనిపిస్తుంది, మూడో అంతస్తుకు ఎక్కవలసిన మెట్లు కనిపించవు. ఆ హోటలుకు స్వయంగా వెళ్ళి చూసిన ఏజెంటుకు అవి తెలుసు. లిఫ్టు ఉన్న బస ఏది, ఏ వీధి దాకా బండి వస్తుంది, విశ్వనాథుని ఆలయానికి 2021లో కట్టిన కొత్త ఆవరణలో పెద్దవారిని ఏ ద్వారం వైపు నుంచి తీసుకువెళితే నడక తగ్గుతుంది, గంగాస్నానానికి మెట్లు తక్కువగా ఉన్న చోటు ఏది, ఇవన్నీ ఆయనను అడగండి. వెంటనే చెప్పగలిగితే సంతోషం. కనుక్కుని రేపు చెబుతాను అన్నా నేను తప్పు పట్టను. ఏమీ పరవాలేదమ్మా, అన్నీ అక్కడ చూసుకుందాం అని దాటవేసేవారిని మాత్రం వదిలేయండి.

ఇప్పటిదాకా చెప్పినదంతా అన్నీ అనుకున్నట్టు జరిగినప్పటి మాట. ఏజెంటు అసలు విలువ అనుకున్నట్టు జరగనప్పుడు బయటపడుతుంది. ఈ మాట కార్తికంలో బయలుదేరే నెల్లూరు జిల్లావారికి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనకు వాయుగుండాలు పట్టే కాలం అదే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, విజయవాడ, గూడూరు మధ్య ఎన్నో రైళ్ళు ఆగిపోవటం మీకు గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా రైళ్ళు రద్దయ్యాయి. అటువంటి రోజున రైల్వే మీ టికెట్టు డబ్బు మొత్తం తిరిగి ఇస్తుంది. కానీ కాశీలో కట్టిన గది అడ్వాన్సు, ప్రయాగకు మాట్లాడిన వాహనం, గయలో పురోహితుడికి ఇచ్చిన తేదీ, ఇవన్నీ రైలుతో పాటే జారిపోతాయి. నాలుగు వేర్వేరు వెబ్‌సైట్లలో నాలుగు గదులు తీసుకుని ఉంటే, నలుగురికి విడివిడిగా ఫోను చేసి, రాని హిందీలో బతిమాలుకోవాలి. ఒక్క ఏజెంటు చేతిలో ఉంటే, ఒక్క ఫోనుతో కార్యక్రమం మొత్తం రెండు రోజులు వెనక్కి జరుగుతుంది. హోటలువారు మనకు వాపసు ఇవ్వకపోయినా, ఏటా తమకు యాత్రికులను పంపే మనిషికి తేదీ మార్చి ఇస్తారు. ఆ పరిచయం మనకు ఉండదు, డబ్బుతో ఒక్క రోజులో కొనగలిగినదీ కాదు.

డిసెంబరు చివర, జనవరిలో వెళ్ళేవారికైతే పొగమంచు మరొక సమస్య. ఆ నెలల్లో ఉత్తరాదిన రైళ్ళు గంటల తరబడి ఆలస్యం కావటం మామూలే. మీరు కార్తికంలోనే తిరిగి వచ్చేస్తారు కనుక ఆ బెడద అంతగా ఉండదు.

డబ్బు విషయంలో దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. 34 వేలు ఎక్కువా తక్కువా అన్నది ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు. అందులో రైలు ఏ తరగతి, ఎన్ని రాత్రుల బస, గదికి ఎందరు, ఎన్ని పూటల భోజనం, ఏ వాహనం ఉన్నాయో విడివిడిగా రాయించుకోండి. రైలు చార్జీ ఎంతో మీ అబ్బాయి నిమిషంలో చూసి చెబుతాడు, దానిని తీసివేస్తే మిగిలినది అక్కడి ఖర్చు. అవే హోటళ్ళ అద్దె ఫోనులో చూసి, ఆరుగురు సామానుతో కూర్చోగల టెంపో ట్రావెలర్‌కు రోజు కిరాయి కనుక్కుని కలిపి చూడండి. మీ లెక్కకు, ఏజెంటు లెక్కకు ఎంతో కొంత తేడా వస్తుంది. ఆ తేడా ఆయన కష్టానికి ఫలం, దానిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మీ సేవా రుసుము ఎంత, హోటలు నుంచి మీకు వచ్చేది ఉందా అని నేరుగా అడగవచ్చు. ఆరుగురి మొత్తం మీద కొన్ని వేల రూపాయల తేడాకు ఇన్ని ఏర్పాట్లు, ఇంత బాధ్యత వస్తే అది మంచి బేరం. తేడా మొత్తంలో మూడో వంతు దాకా ఉంటే బేరమాడండి, లేదా ఒంగోలులోనో విజయవాడలోనో మరొకరిని అడగండి.

రైలు టికెట్లు మీ అబ్బాయికి వదలమన్నందుకు కారణం ఉంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. ఆ అరవయ్యో రోజు ఉదయం 8 గంటలకు బుకింగు తెరుచుకోగానే, రైల్వే టికెట్ల వెబ్‌సైటు ఐఆర్‌సీటీసీలో ఆధార్‌తో ధ్రువీకరించిన సొంత ఖాతా ఉన్న మనిషికే టికెట్టు తేలికగా దొరుకుతుంది. తత్కాల్ విషయంలోనైతే 2025 జూలై నుంచి ఏసీ తరగతులకు ఉదయం 10 నుంచి 10.30 దాకా, మిగతావాటికి 11 నుంచి 11.30 దాకా అధీకృత ఏజెంట్లు కూడా బుక్ చేయకూడదని నిబంధన వచ్చింది. కనుక తత్కాల్ ఖాయంగా ఇప్పిస్తానని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. సొంత ఖాతాలతో టికెట్లు తీసి లాభానికి అమ్మటం 1989 రైల్వే చట్టంలోని 143వ సెక్షను ప్రకారం నేరం, మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. అలాంటి టికెట్టును రైల్వే రద్దు చేస్తే నడిదారిలో ఇబ్బంది పడేది ప్రయాణికులే.

మీ అబ్బాయికి ఇంకొక మాట చెప్పండి. ఆరుగురికీ కలిపి ఒకే టికెట్టు తీయవద్దు. వృద్ధులకు కేటాయించిన కింది బెర్తుల కోటా 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు వర్తిస్తుంది, కానీ ఒక టికెట్టు మీద ఒకరు గాని ఇద్దరు గాని ఉన్నప్పుడే. ఆరుగురిని ఒకే టికెట్టులో చేర్చితే ఆ కోటా పోతుంది, అత్తగారికి పై బెర్తు వచ్చినా రావచ్చు. అందుచేత అత్తగారు, మీరు ఒక టికెట్టు. మావారు అని మీరు రాసిన వారు, మీ మరిది ఒక టికెట్టు. మీ తోటికోడలు, ఆడపడుచు ఒక టికెట్టు. బయలుదేరేనాటికి మీ మరిదికి 60 నిండి ఉండాలన్నది చూసుకోండి. ముందుగా అత్తగారి టికెట్టు తీసిన తరువాతే మిగతావి తీయాలి. వృద్ధులకు ఛార్జీలో ఇచ్చే రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు, కనుక ఆ రాయితీ ఇప్పిస్తానని ఎవరు చెప్పినా అది నిజం కాదు. టికెట్లు వచ్చిన వెంటనే పీఎన్ఆర్ నంబర్లు ఏజెంటుకు పంపండి. రైలు ఆలస్యమైతే వాహనం ఎంతసేపు ఆగుతుంది, దానికి అదనంగా ఏమైనా ఇవ్వాలా అన్నది రాతలో ఉండాలి, ఎందుకంటే టికెట్లు మీవే అయినప్పుడు ఆలస్యానికి బాధ్యత తనది కాదని ఏజెంటు అనే అవకాశం ఉంది.

ఏజెంటును ఎంచుకునేటప్పుడు ఆయన చెప్పే ధర కన్నా ఆయన అడిగే ప్రశ్నలను ఎక్కువగా గమనించండి. పెళ్ళికి వంటవాడిని కుదుర్చుకునేటప్పుడు అనుభవజ్ఞుడు ముందుగా ఎందరు వస్తారు, ఏ పూట, నీళ్ళు ఎక్కడి నుంచి అని అడిగి ఆ తరువాతే రేటు చెబుతాడు. ఇక్కడా అంతే. అత్తగారు ఎంత దూరం నడవగలరు, ఏ మందులు వాడుతున్నారు, ఇండియన్ మరుగుదొడ్డి వాడగలరా, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం కావాలా, కార్యం చేసేది పెద్ద కొడుకా ఇద్దరూనా, కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలన్న మొక్కు ఏమైనా ఉందా, ఇవి అడగకుండానే రంగుల కాగితం చేతిలో పెట్టేవారు అందరికీ అదే కాగితం ఇస్తారు. తొమ్మిది నిద్రల మొక్కు ఉన్నట్టయితే మీ తొమ్మిది రోజుల లెక్క అసలు సరిపోదు, యాత్రను పెంచుకోవాలి. ఆఫీసుకు స్వయంగా వెళ్ళండి. బోర్డు, జీఎస్టీ నంబరు ఉన్నాయా చూడండి. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ గుర్తింపు కోరుకున్నవారికి ఇస్తుంది, అది ఉంటే మంచిదే, లేనంత మాత్రాన చెడ్డవారని కాదు. అన్నిటికన్నా మేలైనది, గత ఏడాది ఆయన ద్వారా కాశీ వెళ్ళివచ్చిన మన ఊరి కుటుంబం ఏదో అడిగి, వారి ఇంటికి వెళ్ళి మాట్లాడటం. తిరిగి వచ్చినవారు ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

కుదిరిన తరువాత ప్రతిదీ కాగితం మీద ఉండాలి. హోటలు పేరు పక్కన ‘లేదా అదే స్థాయి హోటలు’ అనే మాట ఉంటే, మార్చేముందు మా అంగీకారం తీసుకోవాలి, లిఫ్టు తప్పనిసరి అని రాయించండి. వాహనం గయకు వెళ్ళేటప్పుడు బీహారు ప్రవేశ పన్ను, టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా అన్నీ ధరలో కలిసి ఉన్నాయా లేదా అడగండి. దారిలో గొడవలు వచ్చేవి ఎక్కువగా వీటి దగ్గరే. సంగమంలో పడవ కిరాయి, పురోహితుల సంభావన మీరే ఇచ్చుకుంటారా, ప్యాకేజీలో ఉన్నాయా అన్నది తేల్చుకోండి. ఏ రోజు రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో, ప్రకృతి వైపరీత్యం వల్ల రైలు రద్దయితే తేదీ మార్చటానికి ఏమి తీసుకుంటారో అందులో ఉండాలి. టూరు ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, అది చెప్పిన ధరలో కలిసి ఉందా, తరువాత కలుపుతారా అన్నది కూడా ముందే అడగండి. డబ్బు ఒకేసారి మొత్తం కట్టవద్దు. గదులు ఖాయం చేయటానికి కొంత, హోటళ్ళ ధ్రువీకరణ పత్రాలు మీ చేతికి వచ్చాక కొంత, మిగిలినది బయలుదేరేముందు. సంస్థ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. ఎవరి పేరనో ఉన్న ఫోను నంబరుకు పంపవద్దు.

మీ వీధిలోని వారు మోసపోయారని రాశారు. వారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ డబ్బు తీసుకున్నది ఆఫీసు ఉన్న ఏజెంటా, వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనా అన్నది కనుక్కోండి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖకు చెందిన సైబర్ నేరాల విభాగం యాత్రికులను ప్రత్యేకంగా హెచ్చరించింది. కేదార్‌నాథ్ హెలికాప్టరు టికెట్లు, పుణ్యక్షేత్రాల అతిథి గృహాలు, ఆన్‌లైన్ టాక్సీలు అంటూ అచ్చంగా అసలు వాటిలాగే కనిపించే నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు కాజేస్తున్నారని చెప్పింది. అంటే సొంతంగా ఫోనులో బుక్ చేసుకున్నా మోసం ప్రమాదం తప్పదు. అటువంటిది జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. అయోధ్య రామాలయంలో దర్శనానికి రుసుము లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, ఆ పేరుతో బిల్లులో ఏమైనా కలిపితే ప్రశ్నించండి.

ఊరిలో ఆఫీసు ఉన్న మనిషిని కుదుర్చుకోవటంలో ఉన్న మరొక లాభం ఇక్కడే. మాట తప్పితే మీరు వెళ్ళి ఆయన ఎదుట కూర్చుని అడగగలరు. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది, నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. రసీదు, ఒప్పంద కాగితం ఉంటేనే అక్కడ మీ మాట నిలుస్తుంది.

ఏ బుకింగులోనైనా మీ కుటుంబం వారి ఫోను నంబరే ఇవ్వాలని పట్టుబట్టండి. కొందరు ఏజెంట్లు పని తేలికవుతుందని తమ నంబరు ఇస్తారు. అప్పుడు రైలు వేళ మారినా, రద్దయినా ఆ సమాచారం వారికే పోతుంది. అధీకృత ఏజెంటు ద్వారా తీసిన రైలు టికెట్టును రద్దు చేసినప్పుడు, వాపసు మొత్తం ఎంతో తెలుపుతూ ఒక ఓటీపీ ప్రయాణికుడి ఫోనుకు వచ్చే ఏర్పాటు 2019 నుంచి ఉంది. ఆ ఓటీపీ మీకు వస్తేనే మీ డబ్బు ఎంత తిరిగి వచ్చిందో మీకు తెలుస్తుంది.

ఐఆర్‌సీటీసీ నడిపే భారత్ గౌరవ్ యాత్రా రైళ్ళ గురించి, మన ప్రాంతం నుంచి వంటవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే యాత్రా బస్సుల గురించి కూడా మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. ఒంట్లో ఓపిక ఉన్నవారికి అవి చవకైనవి, మన భోజనం దొరుకుతుంది, తోడు ఉంటుంది. కానీ వాటిలో వందల మందితోనో, నలభై మందితోనో కలిసి ఒకే వేళకు లేచి, ఒకే వేళకు ఎక్కి దిగాలి. ఒక పూట కాళ్ళు పట్టేస్తే అత్తగారి కోసం బస్సు ఆగదు. ఆవిడ లేకుండా మిగతా ఐదుగురూ వెళ్ళే యాత్ర అయితే నేను ఆ బస్సునే సూచించేదాన్ని.

రైలు బుకింగు తెరుచుకునే రోజుకు కనీసం ఒక నెల ముందే ఏజెంటుతో మాట్లాడి తేదీలు ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఏ రోజు ఏ ఊరిలో ఉంటారో తెలిస్తే తప్ప మీ అబ్బాయి టికెట్టు తీయలేడు. మొదటి చర్చలోనే అతనిని ఫోనులో కూర్చోబెట్టండి. అత్తగారి మందుల జాబితా, డాక్టరు చీటీ నకలు ఒకటి ఏజెంటు దగ్గర, ఒకటి మీ చేతిసంచిలో ఉండాలి. తిరిగి వచ్చాక ఇంట్లో జరుపుకునే కాశీ సమారాధనకు బంధువులను పిలిచేటప్పుడు, రైలు దిగిన మర్నాటికే ముహూర్తం పెట్టుకోకుండా కనీసం మూడు రోజులు వదిలి పెట్టండి. తిరుగు రైలు ఆలస్యమైనా, ఆవిడ ఒక రోజు విశ్రాంతి కోరినా ఇబ్బంది ఉండదు.